నారింజ మొదట్లో మట్టి

అంట్లావిడ ఎడమ చెయ్యి విరిగింది ఒక మంగళవారం పొద్దున, పదకొండు కాకముందే. విరిచినవాడి చెంప చీలింది కూడా ఆ నిమిషంలోనే. ఏది ముందు, ఏది వెనక అని ఆ తర్వాత పోలీసులు అడిగారు, వకీళ్ళు అడిగారు, పనీపాటా లేనివాళ్ళందరూ అడిగారు. ఆవిడ అందరికీ ఒకటే జవాబు చెప్పింది. "చెయ్యే ముందు. రెండు చేతులూ బాగుంటే చెంపతో ఆగేదాన్ని కాదు."

ఆవిడది పండ్ల మొక్కల నర్సరీ. అంట్లు కట్టి అమ్మడం పని. అడుగున మొండి జాతి మొక్క, దాని మీద మంచి కాయ కాసే చెట్టు కన్ను, అంటే చిగురు మొలిచే మొగ్గ. రెంటినీ కోసి, అతికించి, పట్టీ చుట్టి, కలిసేదాకా కాచుకోవాలి. అది తండ్రి దగ్గర నేర్చింది. తండ్రి నేర్పిన తీరు వేరు. తప్పు కోతకి ఒక బెత్తం దెబ్బ, అదీ వేలి కణుపుల మీద. ఏడిస్తే ఇంకొకటి. ఎనిమిదేళ్ళ పిల్లని తెగులు పట్టిన చెట్టు ముందు కూర్చోబెట్టి, మెడ వంచి, ముక్కు బెరడుకి ఆనించేవాడు. "కళ్ళు అబద్ధం చెప్తాయి. ముక్కుతో చూడు" అనేవాడు. పదిహేనేళ్ళు వచ్చేసరికి ఆ పిల్ల కోతలో తప్పు లేదు, నోటికి అదుపు లేదు. పంతొమ్మిదో ఏట, జాతి చీటీలు మార్చి మొక్కలు అమ్మబోయిన దళారీ నెత్తిన పూలకుండీ ఎత్తి పడేసింది. ఆ సంగతి విని పెళ్ళి సంబంధాలవాళ్ళు ముగ్గురు వెనక్కి తగ్గారు. నాలుగో సంబంధం వాళ్ళ పెద్దావిడ మాత్రం, "నాకు ఇలాంటి పిల్లే కావాలి. మా వాడు ఈగని కూడా బతిమాలి పంపిస్తాడు" అంది.

ఆ పెద్దావిడే అత్తగారయింది. కొనడానికి వచ్చినవాళ్ళతో ఎప్పుడూ ఒకే మాట చెప్పేది. "మా కోడలు అంట్లు కడుతుంది, నేను అంట్లు తోముతాను. ఇద్దరి చేతులూ తడారవు." అలా కోడలికి అంట్లావిడ అనే పేరు స్థిరపడిపోయింది.

చెంప చీలినవాణ్ణి అందరూ మిలటరీ అనేవారు. నిజంగానే సైన్యంలో చేసి రిటైరై వచ్చినవాడు. కొండ వాలున బంకమట్టి నేల కొని, నాలుగు వందల నారింజ మొక్కలు అంట్లావిడ దగ్గరే తీసుకున్నాడు. మొక్కలు దించిన రోజు ఆవిడ కూడా పొలానికి వెళ్ళి, ఒక మొక్క పట్టుకుని చూపించింది.

"ఇదిగో, అంటు కట్టిన ముడి ఇది. ఇది నేల మీద జానెడు ఎత్తున ఉండాలి. దీనికి మట్టి తగలకూడదు, నీళ్ళు తగలకూడదు. మీది బంకమట్టి కదా, నీళ్ళు తొందరగా ఇంకవు. మొదలు చుట్టూ చిన్న గట్టు వేసి, దాని బయట పెట్టండి నీళ్ళు."

"కందకాలు తవ్వినవాణ్ణమ్మా నేను. నాకు గొయ్యి తవ్వడం నేర్పిస్తావా?" అన్నాడు మిలటరీ.

ఆవిడ చెప్పింది ఆయన చెవిన పెట్టలేదు. కొండగాలికి మొక్కలు ఒరుగుతాయని మోకాలి లోతున పాతించాడు. పాతి, మొదట్లో మళ్ళీ మట్టి ఎగదోయించి, కాలితో తొక్కించాడు. వరసలు మాత్రం తాడు పట్టి గీసినట్టుండేవి. ఆ వరసలు చూసి ముచ్చటపడి చుట్టుపక్కల రైతులు పది మంది ఆవిడ దగ్గరే మొక్కలు కొని, ఆయన్నే పిలిచి తమ తోటలు కూడా నాటించుకున్నారు.

మూడో ఏటికి చెట్లు పాలిపోయాయి. ముందు ఆకు నడిమి ఈనె పసుపెక్కింది, తర్వాత ఆకంతా. కాలం కాని కాలంలో విరగబూశాయి, గోలీలంత కాయలు కాశాయి. మొదళ్ళ మీద తేనెరంగు బంక కారి గడ్డ కట్టింది. ఎండాకాలం వెళ్ళేసరికి మిలటరీ తోటలో అరవై చెట్లు నిలువునా ఎండిపోయాయి. మిగతా పది తోటల్లోనూ అంతే. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, "రోగం మొక్కలోనే ఉంది. ఆవిడ తెగులు మొక్కలు అంటగట్టింది" అన్నాడు మిలటరీ. పది మందీ నమ్మారు. తాము పాతించుకున్న తీరే తప్పని ఒప్పుకోవడం కంటే అది నమ్మడం తేలిక.

ఈ మాట అంట్లావిడ దాకా వచ్చింది. మొదలు దగ్గర మట్టి తీసి చూడమని చెప్పి రమ్మని మొగుణ్ణి పంపింది. ఆయన వెళ్ళి, చేతులు కట్టుకుని ఆ మాట చెప్పాడు. మిలటరీ ఆయన చెంప పగలగొట్టి పంపించాడు.

ఇంటికొచ్చాక, "గుమ్మం తగిలింది" అన్నాడు మొగుడు.

"గుమ్మానికి అయిదు వేళ్ళున్నాయా?" అంది ఆవిడ.

మర్నాడు బజారు మధ్యలో మిలటరీ చొక్కా పట్టుకుంది. కిరాణా కొట్టు ముందు, నలుగురూ చూస్తుండగా, నువ్వు తవ్వింది గోతులు కాదు, గోరీలు అంది. చొక్కా గుండీలు రెండు తెగి కాలవలో పడ్డాయి. ఆయన ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. అలా అనకుండా వెళ్ళడం మంచిది కాదని ఆవిడకి అప్పుడే అనిపించింది.

మంగళవారం పదకొండు మంది వచ్చారు. ఇనప పైపులు, గడ్డపలుగులు తెచ్చారు. ముందు నీడ కోసం కట్టిన పచ్చ నెట్టు లాగి చింపారు. తర్వాత మళ్ళలోకి దిగారు. ఏడాది మొక్కలు బూట్ల కింద పుటుకు పుటుకుమని విరిగాయి. నర్సరీ అంతా నారింజాకు నలిగిన పచ్చి వాసన. మొగుడు చేతులు జోడించి ఎదురెళ్ళాడు. ఎవడో పైపుతో ఎడమ చెవి మీద కొట్టాడు. ఆయన జోడించిన చేతులతోనే పక్కకి ఒరిగిపోయాడు.

అంట్లావిడ ముక్కాలిపీట మీద కూర్చుని అంట్లు కడుతోంది. లేచేసరికి మిలటరీ ఎదురుగా ఉన్నాడు. గడ్డపలుగు ఎత్తాడు. ఆవిడ తలకి అడ్డంగా ఎడమ చెయ్యి పెట్టింది. నొప్పి కంటే ముందు చప్పుడు వినిపించింది. కుడి చేతిలో అంటుకత్తి అలాగే ఉంది. వేలెడు కత్తి, కాని పొద్దున్నే నూరింది. చెవి కింద పెట్టి గడ్డం దాకా ఒక్క గీత గీసింది. ఆయన చెంప తెరుచుకుని, లోపల పళ్ళు కనిపించాయి. రక్తం చొక్కా మీదికి దుమికింది.

అదే సమయానికి వంటింట్లోంచి అత్తగారు రోకలి పట్టుకుని వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి. అందరికంటే దగ్గరున్న వాడి మోకాలి చిప్ప మీద వేసింది. వాడు కుప్పకూలి, "ముసల్దానా" అన్నాడు. "ముసల్దాన్నే. అందుకే పైదాకా ఎత్తలేకపోయాను" అంది ఆవిడ, రెండో మోకాలు చూసుకుంటూ. వెళ్తూ వెళ్తూ ఎవడో గడ్డి కప్పిన పాకకి నిప్పు పెట్టాడు. కుండీలు, పట్టీలు, విత్తనాలు అన్నీ అందులోనే కాలిపోయాయి.

అక్కడికి ఉన్నది ఒకటే సర్కారు ఆసుపత్రి, ఒకటే బల్ల. విరిగిన చేత్తో ఆవిడా, చెంపకి తువ్వాలు అదుముకుని ఆయనా ఆ బల్ల మీదే చెరో కొసన కూర్చున్నారు. ముందు ఎవరిని చూడాలని కాంపౌండరు అడిగాడు. "ముందు మనుషుల్ని చూడు నాయనా, ఆయన సంగతి తర్వాత" అంది అత్తగారు. మిలటరీకి పంతొమ్మిది కుట్లు పడ్డాయి. ఆవిడకి మోచేతి కింద రెండు ఎముకలూ విరిగాయి. మొగుడి ఎడమ చెవి మళ్ళీ వినిపించదని డాక్టరు తేల్చేశాడు. పోలీసులు రెండు వైపులా కేసులు రాసుకున్నారు.

రెండు వారాలు ఆవిడ ఇంట్లో కూర్చుంది. పని లేని చేతులు, కట్టు కింద దురద. తొక్కేసిన మళ్ళు కిటికీలోంచి కనిపించేవి. మొగుణ్ణి పలకరిస్తే తల తిప్పి కుడి చెవి పెట్టేవాడు, అది చూసినప్పుడల్లా ఆవిడ కడుపు మండేది. పదహారో రోజు మధ్యాహ్నం కిరసనాయిలు డబ్బా కుడి చేత పట్టుకుని, అగ్గిపెట్టె బొడ్డున దోపుకుని, మిలటరీ తోటకి బయల్దేరింది. పచ్చి చెట్టు తగలబడదని ఆవిడకి తెలుసు. కాని మోటారు గది తగలబడుతుంది, ఎండిన అరవై చెట్లూ తగలబడతాయి. గాలి ఎటు వీస్తోందో దారిలోనే చూసుకుంది.

తోటలో ఎవరూ కనిపించలేదు. మొదటి వరస చివర ఒక చెట్టు సగం పసుపు, సగం ఆకుపచ్చగా నిలబడి ఉంది. మొదలు మీద బంక ఎండకి మెరుస్తోంది. దాన్ని దాటి పోదామనుకుంది, పోలేకపోయింది. డబ్బా కింద పెట్టి మోకాళ్ళ మీద కూర్చుంది. ఒంటి చేత్తో మట్టి తవ్వడం మొదలుపెట్టింది. జానెడు తవ్వింది, ముడి లేదు. ఇంకో జానెడు తవ్వింది. గోళ్ళలోంచి రక్తం కారింది. అప్పుడు తగిలింది, తను కట్టిన ముడి, తడి మట్టిలో, చీకట్లో. దాని మీద బెరడు నానిన అట్టలా ఊడి చేతికొచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. పుల్లగా, చేప కుళ్ళిన వాసన.

బొడ్డున ఎప్పుడూ ఉండే అంటుకత్తి తీసి బెరడు మీద పక్కగా గీకుతూ పోయింది. గోధుమరంగు, గోధుమరంగు, ఇంకా గోధుమరంగు. అక్కడ గీత గీసినట్టు ఆగింది. గీత అవతల లేతాకుపచ్చ, తడి, ప్రాణం. తెగులు మొదలు చుట్టూ సగం దాకానే వెళ్ళింది. మట్టిలో ఉండే బూజు నీళ్ళతో పాటు ఎక్కి, పూడ్చిన బెరడుని పట్టుకుంది. రోగం మొక్కతో రాలేదు. మొక్కనే రోగం ఉన్నచోట పాతారు.

"తగలబెట్టడానికి వచ్చావా?" అని వెనక నుంచి వినిపించింది.

మిలటరీ భార్య. చేతిలో చెట్లకి ఊతం పెట్టే కర్ర, చూపు కిరసనాయిలు డబ్బా మీద.

"అందుకే వచ్చాను" అంది అంట్లావిడ. "ఇటు రా. ఇది చూడు."

ఆవిడ కర్ర దించకుండానే వచ్చి వంగి చూసింది. వంగినప్పుడు మణికట్టు మీద కమిలిన నలుపు కనిపించింది.

"ఈ ముడి పైన ఉండాలి. ఎక్కడుందో చూశావా? ఇది పీల్చాల్సిన గాలి మట్టి పీలుస్తోంది. వాసన చూడు."

మిలటరీ భార్య వాసన చూసి మొహం పక్కకి తిప్పుకుంది. "గాలికి పడిపోతాయన్నారు ఆయన."

"ఇప్పుడు నిలబడ్డాయా?"

ఆవిడ ఏదో అనేలోపు మిలటరీయే వచ్చాడు. పొద్దున్నుంచీ తోట అవతలి కొసన ఎండు చెట్లు నరుకుతున్నాడు, చేతిలో గొడ్డలి ఉంది. చెంప మీద కుట్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. గోతిలోకి చూశాడు, ముడి చూశాడు, బెరడు మీద ఆ గీత చూశాడు. ఆయనకి అర్థమైంది. అర్థమైందని ఇద్దరు ఆడవాళ్ళకీ తెలిసిపోయింది. అదే ఆయనకి మింగుడుపడలేదు.

"రోగం ఉందిగా? ఉంటే నరికేస్తా. అన్నీ నరికేస్తా" అని ఆ చెట్టునే నరికాడు. మూడు దెబ్బలకి కూలింది. పక్క చెట్టు నరికాడు. దాని పక్కది నరికాడు. నరికిన మోళ్ళలోంచి నీరు ఊరుతోంది, తెల్లటి చెక్క, బతికున్న చెక్క. ఆరో చెట్టుకి అంట్లావిడ అడ్డం వెళ్ళింది.

"అది చావలేదు. సగం బెరడు బతికుంది. నువ్వు చంపుతున్నావు దాన్ని" అంది.

గొడ్డలి వెనక వైపుతో కట్టు మీద కొట్టాడు. సున్నపు కట్టు పగిలి ముక్కలు రాలాయి. ఆవిడ కేక పెట్టలేదు, నోట్లో మట్టి ఉంది. బోర్లా పడ్డప్పుడు వెళ్ళింది. ఆయన మళ్ళీ ఎత్తాడు, ఈసారి పదును వైపు.

కర్ర దెబ్బ ఆయన పక్కటెముకల మీద పడింది. రెండో దెబ్బ కూడా అక్కడే. మూడోది గొడ్డలి పట్టుకున్న చేతి మీద. గొడ్డలి జారిపోయింది. ఆయన చెట్టుకి వీపు ఆనించి మెల్లగా కూలబడ్డాడు, ఊపిరి అందక నోరు తెరిచాడు. కొట్టింది ఎవరో అప్పుడు చూశాడు. భార్య గొడ్డలి తీసి దూరంగా విసిరేసి వచ్చింది.

"ఇరవై రెండేళ్ళు పడ్డాను" అంది ఆయనతో. కింద పడ్డ అంట్లావిడని లేపి కూర్చోబెట్టింది.

"చెప్పక్కా. ఈ చెట్లకి ఏం చెయ్యాలి?"

"ముందు నా చెయ్యి. తర్వాత మీ ఆయన ఎముకలు. చెట్లు ఆ తర్వాత."

ఆసుపత్రిలో ఇద్దరినీ మళ్ళీ అదే బల్ల మీద చూసి డాక్టరు కాంపౌండర్ని కట్టు సామాను తెమ్మన్నాడు. మిలటరీకి మూడు పక్కటెముకలు చిట్లాయి, ఆరు వారాలు మంచం దిగొద్దన్నాడు. చెట్టు మీంచి పడ్డానని చెప్పుకున్నాడు మిలటరీ. మనిషెత్తు లేని చెట్ల మీంచి ఎలా పడ్డాడని ఎవరూ అడగలేదు.

ఆ ఆరు వారాల్లో ఆడవాళ్ళిద్దరూ తోట చేతిలోకి తీసుకున్నారు. అంట్లావిడ గట్టున కూర్చుని తిట్టేది, మిలటరీ భార్య చేసేది. ప్రతి చెట్టు మొదట్లో ముడి కనిపించేదాకా, పెద్ద వేళ్ళు బయలుదేరే చోటు దాకా మట్టి తీశారు. కుళ్ళిన బెరడంతా గీకి, అక్కడితో ఆగకుండా బతికున్న బెరడు కూడా అర అంగుళం కోశారు. మొదట్లో మిలటరీ భార్య పచ్చ కనిపించగానే కత్తి ఆపేసేది. బాగున్నది కొయ్యడానికి మనసొప్పలేదు.

"జాలిపడితే మళ్ళీ ఎక్కుతుంది" అంది అంట్లావిడ. "పచ్చగా కనిపించేదాకా కాదు, పచ్చలోకి వెళ్ళి ఆపు."

గీకిన బెరడు ఒక్క పెచ్చు కూడా నేల మీద పడనివ్వలేదు. గోతాల్లోకి ఎత్తి కాల్చేశారు. చెట్టు మారినప్పుడల్లా కత్తి మందునీళ్ళలో కడిగారు. మందు కలిపే పని చెవి పోయిన మొగుడిది. ప్లాస్టిక్ బకెట్లో మైలుతుత్తం కరిగించేవాడు, ఇంకో బకెట్లో సున్నం, తర్వాత రెండూ కలిపి నీలంరంగు ముద్ద చేసేవాడు. అందులో ఇనప కత్తి ఒక నిమిషం ముంచి తీస్తే, కత్తి మీద రాగిరంగు మరక పడకూడదు. పడితే తుత్తం ఎక్కువైనట్టు, చెట్టుని కాల్చేస్తుంది, ఇంకాస్త సున్నం వెయ్యాలి. ఆ ముద్ద మొదలు మీద రెండడుగుల ఎత్తు దాకా కుంచెతో పూసేవారు. వానల ముందు ఒకసారి, వానలయ్యాక ఒకసారి. నీళ్ళకి మొదలు చుట్టూ ఒక గట్టు, దానికి బయట ఇంకో గట్టు వేశారు. వాలుకి అడ్డంగా మురుగు కాలవ తవ్వారు. తెగులు మొదలంతా చుట్టేసిన చెట్లని మాత్రం వేళ్ళతో సహా పెకలించి తగలబెట్టారు. ఆ రోజు అంట్లావిడ తెచ్చిన కిరసనాయిలు దానికే పనికొచ్చింది.

పని జరుగుతుంటే మొగుడు ఎప్పుడూ ఆవిడ తనకి ఎడమ వైపే ఉండేలా చూసుకునేవాడు. చెవిటి చెవి ఇటు తిప్పితే తిట్లు వినిపించవు.

పది మంది రైతులూ సంగతి విన్నారు. ఒక్కొక్కడే నర్సరీ దగ్గరికి వచ్చి, గేటు బయట నిలబడి, నేల చూసేవాడు. క్షమించమని ఒక్కడూ అనలేదు. "మా తోట కూడా ఒకసారి చూడాలి" అనేవాడు. అత్తగారు రోకలి దెబ్బ తిన్న వాడికి నీళ్ళిచ్చి, "గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారు కదరా" అంది. అంట్లావిడ మాత్రం నీళ్ళు కూడా ఇవ్వలేదు.

"ముందు నెట్టు కట్టండి. పాక వెయ్యండి. మళ్ళు చదును చెయ్యండి. అప్పుడు వస్తాను" అంది.

వాళ్ళు కట్టారు. కుంటివాడు కూర్చుని చెయ్యగలిగిన పని చేశాడు. పని చూసుకున్నాక ఆవిడ వెళ్ళింది, ఒక్కో తోటలోనూ ఒక్కొక్కణ్ణి తన ముందు కూర్చోబెట్టి, మెడ వంచి, కుళ్ళిన బెరడు వాసన చూపించింది. ఒకడు కక్కుకున్నాడు. అయినా వదల్లేదు.

మిలటరీ తోటలో నాలుగు వందల్లో రెండు వందల నలభై చెట్లు నిలిచాయి. అంట్లావిడ చెయ్యి మాత్రం రెండుసార్లు విరిగి వంకరగా అతుక్కుంది. మోచెయ్యి పూర్తిగా సాగదు. కొమ్మని ఇప్పుడు చంకలో ఇరికించుకుని కన్ను అంటిస్తుంది. ఇదివరకు రోజుకి రెండు వందలు కట్టేది, ఇప్పుడు డెబ్బైకి మించవు. కేసు ఇంకా నడుస్తూనే ఉంది. వాయిదాలకి ఇద్దరూ ఒకే బస్సులో వెళ్తారు, ఆయన ముందు సీట్లో, ఆవిడ వెనక సీట్లో. బజార్లో ఆయన కొత్తవాళ్ళకి, "నారింజ మొదలు పూడ్చకూడదయ్యా, నేను చెప్తున్నాను విను" అని సొంతంగా కనిపెట్టినట్టు చెప్పడం ఆవిడ రెండుసార్లు విన్నది. రెండుసార్లూ పిడికిలి బిగిసింది. ఆ చెంప మీది మచ్చ చూసినప్పుడు జాలి వేస్తుందా అని మొగుడు ఒకసారి అడిగాడు. ఆవిడ ఆలోచించి, "లేదు" అంది. అబద్ధం చెప్పడం ఆవిడకి చేతకాదు.

రెండో ఏడు, ఎండకి తెరిచి ఉంచిన ఖాళీ గోతుల కోసం మిలటరీ భార్య మొక్కలకి వచ్చింది. చేతుల మీద కమిలిన మచ్చల్లేవు. అరచేతుల్లో కాయలు కాశాయి.

"ఎవరు నాటుతారు?" అంది అంట్లావిడ.

"నేనే."

"ఆయన?"

"గట్టు మీద కూర్చుని చూస్తారు. అప్పుడప్పుడు నోరు తెరవబోతారు."

"తెరిస్తే?"

"ఏమీ లేదక్కా. ఊతకర్ర ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటాను. అంతే, పక్కటెముకలు పట్టుకుని లేచి ఇంట్లోకి వెళ్ళిపోతారు."

అత్తగారు వంటింట్లోంచి నవ్వింది. అంట్లావిడ నవ్వలేదు, లేచి మళ్ళలోకి నడిచి, బాగా ఎదిగిన మొక్కలు చూసి ఏరడం మొదలుపెట్టింది. ఒక్కోదాన్నీ కుడి చేత్తో ఎత్తి ఇచ్చింది. మిలటరీ భార్య అందుకుని ట్రాలీలో పేర్చింది.